ఆంకి రివ్యూలకే పొద్దు చాలడం లేదు: జపనీస్ చదవడం, వినడం ఎక్కడ ఇరికించాలి?

నాగావళి_చదువరి (రాయగడ)

ఈ వేదికలో జపనీస్ అక్షరాలు కొన్ని ఫోన్లలో డబ్బాలుగా కనిపిస్తున్నాయట. అందుకని మాటలన్నీ తెలుగు లిపిలోనే పెడుతున్నాను, సర్దుకోండి.

సంగతి ఇదీ. హిరగాన, కతకాన (జపనీస్ అక్షరమాలలు రెండూ) వచ్చాయి. ఆంకిలో (మాటల్ని కార్డులుగా చూపించి, మర్చిపోయేలోపు మళ్ళీ మళ్ళీ అడిగే యాప్) ఎవరో చేసిపెట్టిన రెండు వేల మాటల కట్ట, రోజుకు 20 కొత్త కార్డులు, మూడో నెల నడుస్తోంది. రివ్యూలు రోజుకు 230 దాకా వచ్చి 70 నిమిషాలు మింగేస్తున్నాయి. రోజు మొత్తమ్మీద చదువుకి దొరికేది గంటన్నర. మిగిలిన ఇరవై నిమిషాల్లో ఏదైనా చదువుదామంటే, పొద్దున కార్డు మీద ఠక్కున చెప్పిన మాట సాయంత్రం వాక్యంలో ఎదురైతే ముఖం తెలియనట్టు ఉంటోంది. వినడం దాదాపు లేదు. డిసెంబరులో ఎన్4 (జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో కింది నుంచి రెండో మెట్టు) రాయాలి. కార్డులు ఎన్ని, చదవడం ఎంత, వినడం ఎంత? లెక్క కట్టి చెప్పండి. "మూడూ సమానంగా చెయ్యండి" అని మాత్రం అనొద్దు.

కార్డుల_కట్ట (బరంపురం)

జబ్బు మీ అంకెల్లోనే ఉంది. 230 కార్డులకు 70 నిమిషాలంటే కార్డుకు 18 సెకన్లు. మాట కార్డు దగ్గర ఎనిమిది సెకన్లకు మించి కూర్చోకూడదు. ఆ లెక్కన ఇవే 230 కార్డులు అరగంటలో అయిపోవాలి. గుర్తురాని మాట కోసం అరనిమిషం తల గోక్కోవడం, ఆనక వెనకవైపు ఉన్న అయిదు అర్థాలూ మూడు ఉదాహరణలూ తీరిగ్గా చదవడం, ఈ రెండింట్లోనే టైము పోతుంది. పది సెకన్లలో రాకపోతే రానట్టే. "ఎగైన్" నొక్కి ముందుకెళ్ళండి, ఆ కార్డు ఎలాగూ పది నిమిషాల్లో మళ్ళీ వస్తుంది.

బటన్ల దగ్గర ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. మర్చిపోయిన కార్డుకి "ఎగైన్" నొక్కడానికి మనసొప్పక "హార్డ్" నొక్కుతారు. ఆంకి లెక్కలో హార్డ్ అంటే "కష్టం మీదైనా గుర్తొచ్చింది" అని. మర్చిపోయి హార్డ్ నొక్కితే ఎఫ్ఎస్ఆర్ఎస్ (ఏ కార్డు మళ్ళీ ఎప్పుడు రావాలో ఆంకిలో లెక్కకట్టే పద్ధతి) మీకు ఆ మాట వచ్చనుకుని మిగతా కార్డుల్నీ దూరదూరంగా వేస్తుంది. అనుమానం ఉంటే ఎగైన్, గుడ్ రెండే వాడండి, ఏ నష్టమూ లేదు.

సెట్టింగులు. ఆంకి 23.10 నుంచి ఎఫ్ఎస్ఆర్ఎస్ లోపలే ఉంటుంది, డెక్ ఆప్షన్లలో అది ఆన్ అయిందో లేదో చూసుకోండి. అక్కడే "డిజైర్డ్ రిటెన్షన్" (నూటికి ఎన్ని కార్డులు గుర్తుండాలి అన్న లక్ష్యం) అని ఉంటుంది, మామూలుగా 0.90. పరీక్ష దగ్గరపడిందని దాన్ని 0.95 చేస్తే, పది రోజులకు రావాల్సిన కార్డు నాలుగైదు రోజులకే వచ్చి కూర్చుంటుంది, అంటే పని రెట్టింపు. మీకు 0.87 లేదా 0.88 సరిపోతుంది. మర్చిపోయే ఆ కాసిని మాటలు చదువులో మళ్ళీ తగులుతాయి. లెర్నింగ్ స్టెప్స్‌లో రోజు దాటిన అంకె ఏదన్నా ఉంటే తీసేసి 1 నిమిషం, 10 నిమిషాలు ఉంచండి. నెలకోసారి "ఆప్టిమైజ్" నొక్కండి.

కొత్త కార్డులు పది రోజులు సున్నా. ఆ తర్వాత రోజుకు 8. ఉజ్జాయింపుగా, రోజూ వేసే కొత్త కార్డులకు ఎనిమిది నుంచి పది రెట్లు రివ్యూలు తేలతాయి. 20 వేస్తే 200, 8 వేస్తే 70, 80. ఎనభై కార్డులంటే పన్నెండు నిమిషాల పని. మీ గంటన్నరలో కార్డులకి ఇరవై నిమిషాలకు మించి ఇవ్వొద్దు. అలారం మోగగానే ఎక్కడున్నా ఆపెయ్యండి.

ఎనిమిదిసార్లు మర్చిపోయిన కార్డుకి ఆంకి "లీచ్" అని ముద్ర వేస్తుంది, సెట్టింగులో "సస్పెండ్" అని ఉంటే పక్కన కూడా పెట్టేస్తుంది. దాన్ని జాలిపడి మళ్ళీ లోపలికి తేవద్దు. జలగ అన్న పేరు ఊరికే పెట్టలేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

తమ్ముడు చెప్పిన లెక్కలు సరే. నేను వేరే ప్రశ్న వేస్తాను. మీ కార్డు వెనక అర్థం ఏ భాషలో ఉంది? ఇంగ్లీషులో ఉంటే మీరు రెండు గుమ్మాలు దాటి లోపలికి వెళ్తున్నట్టు, అందులో ఒక గుమ్మం అక్కర్లేనిది.

"తొమరు", "తొమెరు" చూడండి. ఇంగ్లీషులో రెండింటికీ "స్టాప్" అనే రాస్తారు, ఇక జన్మలో తేడా నిలవదు. తెలుగులో ఒకటి ఆగడం, ఇంకోటి ఆపడం. "కవరు" మారడం, "కఎరు" మార్చడం. "నొకొరు" మిగలడం, "నొకొసు" మిగల్చడం. "అకు" తెరుచుకోవడం, "అకెరు" తెరవడం. "కిరెరు" తెగడం, "కిరు" తెంచడం, కోయడం. ఎన్4లో జనం తడబడే ఈ జంటలు మన నోట్లో పుట్టినప్పటినుంచీ ఉన్నాయి. కట్టలో ఉన్న రెండు వేల కార్డుల్నీ మార్చక్కర్లేదు. ఈ జంటలు ఓ నలభై ఉంటాయి, వాటి వెనకవైపు మాత్రం ఇంగ్లీషు కొట్టేసి ఒక్క తెలుగు మాట రాసుకోండి. ఒక పూట పని.

ఇప్పుడు మీ అసలు గోడు, కార్డులో తెలిసిన మాట వాక్యంలో తెలియకపోవడం. కార్డు మీద క్రియ నిఘంటు రూపంలో ఉంటుంది, వాక్యంలో ఆ రూపంలో ఎప్పుడో గానీ కనబడదు. "యొము" అని నేర్చుకున్నారు, పుస్తకంలో "యొందె" అని ఉంది. అందుకే కొత్త ముఖం. ఈ వాక్యం చూడండి:

కినో కత్త హొన్ ఒ యొందె మిత.

కినో నిన్న, కత్త కొన్న, హొన్ పుస్తకం, ఒ అంటే ని, యొందె చదివి, మిత చూశాను. నిన్న కొన్న పుస్తకాన్ని చదివి చూశాను. ఒక్క మాట కూడా చోటు మారలేదు. "చదివి చూడటం"లో చూడటం అన్నది కంటి పని కాదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్ళకీ అంతే. "కత్తె ఒకు" అంటే కొని పెట్టడం, అక్కడ "ఒకు" అంటే నిజంగానే పెట్టు. "తబెతె షిమత్త" అంటే తినేశాను. "కురు తొ ఇత్త" అంటే వస్తాను అని అన్నాడు, ఆ "తొ" మన "అని". "కురు సో దెస్" అంటే వస్తాడట. ఇంగ్లీషు వివరణలతో వ్యాకరణం చదివితే ఒక్కోదానికి రెండు పేజీలు పడుతుంది. తెలుగులోకి మాటకి మాట దింపుకుంటే చాలావాటికి ఒక వాక్యం చాలు. మీరు చదివేటప్పుడు వారం రోజులు ఇదే చెయ్యండి: రోజుకు ఐదు వాక్యాలు, కింద పెన్సిల్‌తో తెలుగు మాట. ఐదే. పేజీ మొత్తం అలా చేస్తే అది చదవడం కాదు, గుమాస్తా పని.

తెలుగు మోసం చేసే చోటు కూడా చెప్పాలి. మన క్రియలో మనిషి ఉంటాడు, వచ్చాను, వచ్చావు, వచ్చాడు. "కిత"లో ఎవరూ లేరు. కర్త కోసం వాక్యమంతా వెతికినా దొరకదు, ఇచ్చిపుచ్చుకునే క్రియల్లో దాక్కుని ఉంటుంది. "కురెరు" అంటే అవతలివాళ్ళు నాకో మావాళ్ళకో ఇవ్వడం, "అగెరు" అంటే ఇటునుంచి అటు ఇవ్వడం. "ఒషిఎతె కురెత" అని ఉంటే "నేను" అన్న మాట లేకపోయినా నాకు నేర్పారనే అర్థం. దీన్ని కార్డు నేర్పలేదు. కార్డు మీద "కురెరు = ఇచ్చు" అని ఉంటుంది, అది సగం అబద్ధం. ఇలాంటివి ఒక వంద చోట్ల ఎదురుపడి తేలాల్సిందే.

దెగ్లూర్_చౌరస్తా (నాందేడ్ జిల్లా)

నేను ఒప్పుకోను. 1,500 మాటలు రాకముందు చదవమనడం ఈత రానోణ్ణి గోదావరిలో దింపినట్టు. రెండు వేల కట్టలో ఈయనకి మిగిలింది ఆరు వందలో ఏడు వందలో. ఇరవై చొప్పున నెల రోజుల్లో అయిపోతుంది. అది పూర్తి చేసి, కొత్తవి బంద్ పెట్టి, అప్పుడు చదువు మొదలుపెడితే ప్రతి లైనుకీ డిక్షనరీ తీసే పీడ ఉండదు. మధ్యలో కార్డులు తగ్గించుడంటే రెండు పడవల మీద కాళ్ళు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

గోదావరిలో ఎందుకు దింపడం, ఊళ్ళో చెరువు ఉంది కదా. తదొకు అని, జపనీస్ నేర్చుకునేవాళ్ళ కోసం మెట్లు మెట్లుగా రాసిన పుస్తకాలు ఉన్నాయి. వాళ్ళ ఉచిత పుస్తకాలు బొత్తిగా కొత్తవాళ్ళ స్థాయి నుంచి మొదలవుతాయి. పేజీకి ఒక బొమ్మ, దాని కింద ఒకటి రెండు వాక్యాలు, కాంజి (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) పైన చదవాల్సిన తీరు చిన్న అక్షరాల్లో. నాలుగైదు వందల మాటలు వచ్చినవాళ్ళు ఎవరైనా చదవొచ్చు. వాళ్ళ నియమాలు కూడా నాలుగే: తేలికవాటితో మొదలుపెట్టు, నిఘంటువు తియ్యకు, అర్థంకాని చోటు దాటేయ్, ముందుకి సాగకపోతే ఆ పుస్తకం పక్కన పెట్టి ఇంకోటి తీసుకో.

పుస్తకం మీ స్థాయిదో కాదో తేల్చడానికి ఒక కొలత. ఒక పేజీలో ముప్ఫై, నలభై మాటలుంటే తెలియనివి రెండుకి మించకూడదు. నాలుగైదు ఉంటే ఒక మెట్టు దిగండి, సిగ్గు పడక్కర్లేదు. ఒక్కటీ లేకపోతే ఒక మెట్టు ఎక్కండి.

కార్డుల_కట్ట (బరంపురం)

దెగ్లూర్ అన్నా, మీ మాటలో ఒక న్యాయం ఉంది: చేతిలో ఉన్న కట్టని మధ్యలో వదలకూడదు, ఎక్కువగా వాడే మాటలే అందులో ముందుంటాయి. కానీ ఇప్పటికే 18 సెకన్లు పట్టే మనిషి మీద మరో నెల ఇరవై చొప్పున వేస్తే రివ్యూలు 250 దాటి, ఏదో ఒక రోజు ఆంకి తెరవడమే మానేస్తారు. రోజుకు 8 అంటే ఆరు వందలు 75 రోజుల్లో అవుతాయి. డిసెంబరు లోపే.

ఇంకొకటి. చదివినదాంట్లోంచి కార్డు చేసుకోవాలనిపిస్తుంది. కట్ట పూర్తయ్యేవరకు వద్దు. ఆ తర్వాత రోజుకు మూడు, మహా అయితే ఐదు. ఏ మాట తీయాలి అంటే, ఆ వారంలో రెండోసారి ఎదురై రెండోసారీ తెలియనిది. మొదటిసారి కనపడ్డ ప్రతిదాన్నీ కార్డు చేస్తే అది వేట అవుతుంది, చదువు నడవదు. కంప్యూటరు బ్రౌజర్లో యోమితాన్ పెట్టుకుంటే మాట మీద వేలు ఆనించినంత తేలిగ్గా అర్థం వస్తుంది, ఒక్క నొక్కుతో ఆంకిలో కార్డు పడుతుంది. ఆ తేలికే ప్రమాదం.

కార్డు ఆకారం: ముందువైపు పూర్తి వాక్యం, అందులో తెలియని మాట ఒక్కటే. వెనకవైపు ఆ మాట చదివే తీరు, ఒక్క అర్థం, వీలైతే వాక్యం ఆడియో. ఒక వాక్యంలో తెలియనివి రెండుంటే ఆ వాక్యాన్ని వదిలేయండి. రెండోది అడ్డం పడి మొదటిదీ నిలవదు.

ప్రాణహిత_గట్టు (సిరొంచ)

జర చెవి గురించి గూడ మాట్లాడుదం. అందరు దాన్ని ఆఖరుకు పెడ్తరు, ఎన్4ల గదే ముంచుతది.

నిమిషంన్నర, రెండు నిమిషాల ఆడియో ముక్క పట్టుకోండ్రి. దానికి రాత ఉండాలె. జపాన్ ఫౌండేషన్ వాళ్ళ ఇరొదొరి పాఠాల పుస్తకం ఉన్నది గదా, పీడీఎఫ్, ఆడియో రెండు ఉత్తగనే ఇస్తరు, అండ్ల చిన్న చిన్న సంభాషణలు ఉంటయి. మొదటి దినం రాత చూడకుంట రెండుసార్లు ఇనాలె. సమజ్ కాకున్నా ఆపొద్దు. తర్వాత రాత ముందర పెట్టుకొని ఒక్కొక్క వాక్యం ఆపుకుంట ఇనాలె, చెవి ఎక్కడ తప్పిందో అక్కడ గీత కొట్టాలె. గీ గీతలే అసలు మందు చీటీ. మాటనే తెల్వక తప్పిందా, తెల్సిన మాట చెవుల వడక తప్పిందా, రెండు వేరు. మొదటిదానికి కార్డు పనికొస్తది. రెండోదానికి వంద కార్డులు చేసినా పని గాదు, మళ్ళ మళ్ళ ఇనుడే. ఆఖరుకు రాత మూసి, ఆడియో ఎన్కనే అర సెకను తేడాతోని గొంతు కలుపుకుంట పోవాలె. రెండో దినం అదే ముక్క రాత లేకుంట మూడుసార్లు. మూడో దినం కొత్తది. దినాం పదిహేను నిమిషాలు, గంతే.

వేగం తగ్గించి ఇంటే ఒక్కసారే ఇనాలె, 0.8 కన్న కిందికి పోవద్దు. వెంటనే అసలు వేగంల మళ్ళ ఇనాలె. లేకుంటే చెవి మెల్లటిదానికే అలవాటు పడ్తది.

గీతలు ఎక్కువ ఎక్కడ పడ్తయంటే, వాళ్ళు మింగేసే అచ్చుల కాడ. రాతల "దెసు", నోట్ల "దెస్". రాతల "సుకి", నోట్ల "స్కి". క, స, త, హ అసుంటి శ్వాసాక్షరాల నడుమ వడ్డ ఇ, ఉ లోపలికే పోతయి. ఇంగోటి, కుదించిన మాటలు: "తెఇరు" పోయి "తెరు", "తె ఒకు" పోయి "తొకు", "తె షిమౌ" పోయి "చ్యౌ". మహేంద్రతనయ అక్క చెప్పిన "తబెతె షిమత్త" బయట ఇంటే "తబెచ్యత్త". పుస్తకంల వస్తున్నాడు అని ఉంటది, మనం వస్తుండు అంటం, గట్లనే. గీ కుదింపులు పది, పన్నెండు ఉంటయి. వాటికి కార్డు చెయ్యాలంటే ముందట ఆడియో ఒక్కటే పెట్టుండ్రి, అక్షరాలు ఎన్క పెట్టుండ్రి.

బస్సుల ఇనేటోళ్ళకు: ఆడియో ముందే దించి పెట్టుకోండ్రి. మా దిక్కు అడివి తొవ్వల సిగ్నల్ మీద నమ్మకం లేదు. బస్సుల ఇనుడు కొత్తదానికి పనికిరాదు, వారం కింద నమిలిన ముక్కలే మళ్ళ ఇనాలె.

వంశధార_బండి (గుణుపురం)

ఒక చిన్న సందేహమండి. తెలుగు లిపిలో జపనీస్ ఇంత చక్కగా కుదిరిపోతుంటే కార్డుల మీద కూడా తెలుగులోనే ఉచ్చారణ రాసుకుంటే తప్పేటి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మొదటి రెండు వారాలు రాసుకోండి, తర్వాత చెరిపెయ్యండి. కంటికి పక్కన తెలుగు కనబడితే కాన (హిరగాన, కతకాన) అక్షరాల వైపు చూడనే చూడదు. ఇక్కడ ఒడియా బోర్డు పక్కన తెలుగు బోర్డు కూడా ఉన్న కొట్టు దగ్గర ఒడియా ఎవరు చదువుతారు?

కుదిరేవి నిజంగా బాగా కుదురుతాయి. హ్రస్వ దీర్ఘాలు మనకి పెట్టని ఆస్తి. ఒడియాలో గానీ మరాఠీలో గానీ ఎ-ఏ, ఒ-ఓ తేడా లేదు, మనకుంది. "ఒబసన్" పిన్నిగారు, "ఒబాసన్" మామ్మగారు. "బిరు" అంటే మేడ, "బీరు" అంటే బీరే. "షుజిన్" భర్త, "షూజిన్" ఖైదీ (నవ్వకండి). ద్విత్వమూ అంతే, "కితె" వచ్చి, "కిత్తె" కోసి. సున్న అయితే మరీనూ. షింబున్ అన్నప్పుడు మ్ లాగా, గెంకి అన్నప్పుడు ఙ్ లాగా, తర్వాతి అక్షరాన్ని బట్టి మారుతుంది, మన సున్నలాగే. "త్సు" అన్న ధ్వని కష్టమంటారు గానీ చుక్క, చుట్టం అనేటప్పుడు మన నోట్లో పలికే చు అదే. చిలక అన్నప్పటి చి వాళ్ళ "చి".

తప్పే చోట్లు మూడు. ఇంగ్లీషు అలవాటుతో ట, డ వేస్తాం. "టోక్యో" కాదు "తోక్యో", "డెస్" కాదు "దెస్". నాలుక పళ్ళకి తగలాలి. రెండోది, చుక్క చ అలవాటువల్ల "చ్య" అన్నచోట ఒట్టి చ పలుకుతాం. మూడోది, అచ్చు ముందు సున్న. "కినెన్" అంటే జ్ఞాపకార్థం, "కిన్-ఎన్" అంటే పొగతాగరాదు. మనకి సున్న తర్వాత అచ్చు రాదు కాబట్టి రెండూ ఒకటే అయిపోతాయి. మధ్యలో అర క్షణం ముక్కుతో ఆగాలి.

వంశధార_బండి (గుణుపురం)

మరొకటి, విసిగించకపోతే. ఫోన్లో కొన్ని కాంజీలు పుస్తకంలో ఉన్నట్టు ఉండటం లేదు. "నఒసు"లో అక్షరం, ఎముక అనే "హొనె" అక్షరం గీతలే వేరుగా ఉన్నాయి. ఏది రాసి నేర్చుకోవాలి?

కార్డుల_కట్ట (బరంపురం)

పుస్తకందే. ఫోను మీకు చైనా తీరు అక్షరం చూపిస్తోంది. రెండు భాషల అక్షరాలకీ కంప్యూటర్లో ఒకే సంఖ్య ఇచ్చారు, ఏ ఆకారం చూపాలన్నది ఫోను భాష బట్టి ఉంటుంది. ఆండ్రాయిడ్ సెట్టింగులలో భాషలు తెరిచి తెలుగు, ఇంగ్లీషు కింద మూడోదిగా జపనీస్ చేర్చండి, చాలావరకు సరిపోతుంది. అప్పటికీ మారకపోతే కార్డు టెంప్లేటులో భాష జపనీస్ అని చెప్పే ట్యాగు పెట్టాలి.

అక్కడే ఫోను చదివి వినిపించే జపనీస్ గొంతు కూడా దించుకోవచ్చు, నెట్ లేకపోయినా పలుకుతుంది. విడి మాటలకు పరవాలేదు. కానీ రెండు రకాలుగా చదివే మాటల్ని తప్పు చదువుతుంది, "ఇచినిచి" (ఒక రోజు), "త్సుఇతచి" (ఒకటో తారీఖు) ఒకే అక్షరాలు కదా. మనిషి గొంతు దొరికితే అదే మేలు.

నాగావళి_చదువరి (రాయగడ)

ఒకదానికొకటి పోలిన కాంజీల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎదురుచూడటం "మత్సు", పట్టుకోవడం "మొత్సు" రోజూ తారుమారు. షి, త్సు కతకానలో ఇప్పటికీ తడబాటే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

వాటిని విడివిడి కార్డులుగా ఎన్నిసార్లు తిప్పినా కలిసే వస్తాయి. ఒక కాగితం మీద పక్కపక్కన పెద్దగా రాయండి. రెండింటికీ కుడి సగం ఒకటే, గుడి అనే అక్షరం. తేడా అంతా ఎడమ పక్కన. పట్టుకోవడంలో ఎడమ పక్క చెయ్యి ఉంది, ఎదురుచూడటంలో దారి నడక గుర్తు ఉంది. అంటే కన్ను ఎటు చూడాలో తెలియాలి, అది తెలిశాక కార్డు చాలు. రెండూ వచ్చే ఒకే వాక్యం చేసుకోండి: గొడుగు పట్టుకుని ఎదురుచూశాను, "కస ఒ మొత్తె మత్త".

షి, త్సు సంగతి గీతల దిక్కులో ఉంది. షిలో చిన్న గీతలు ఒకదాని కింద ఒకటి, పెద్ద గీత కింది నుంచి పైకి. త్సులో చిన్న గీతలు పక్కపక్కన, పెద్ద గీత పై నుంచి కిందికి. చూసి కాదు, చేత్తో పది పది సార్లు రాస్తే ఒక పూటలో తేలిపోతుంది. "న్", "సొ" జంటకీ ఇదే దిక్కు.

దెగ్లూర్_చౌరస్తా (నాందేడ్ జిల్లా)

సరే, కార్డుల సంగతిలో నేను సగం దిగొచ్చా. పరీక్ష లెక్క మాత్రం నేను చెప్తా, ఎవరూ చెప్పలేదు.

ఎన్4కి 180లో 90 రావాలి. అంతటితో అయిపోలేదు. అక్షరాలు, వ్యాకరణం, చదవడం కలిపి 120లో కనీసం 38, వినడం 60లో కనీసం 19. మొత్తం 120 వచ్చినా వినడంలో 18 వస్తే ఫెయిలే. పరీక్షలో మాటలకు 25 నిమిషాలు, వ్యాకరణం-చదువుకు 55, వినడానికి 35. ఆడియో ఒక్కసారే వేస్తారు. 2010 తర్వాత మాటల అధికారిక జాబితా అంటూ ఏదీ లేదు, కాబట్టి "ఎన్4 సంపూర్ణ కట్ట" అని నెట్‌లో కనిపించేవన్నీ ఎవరి అంచనా వాళ్ళది.

మాటలకు 25 నిమిషాలు, మిగతావాటికి 90. ఈయన ఇంట్లో చేస్తున్నది తిరగేసి ఉంది. అందుకే దిగొచ్చా.

పరీక్ష ఏటా జులై, డిసెంబరు మొదటి ఆదివారాలు. బరంపురం, రాయగడ వాళ్ళకి కోల్‌కతా గానీ చెన్నై గానీ, మా దిక్కువాళ్ళకి పుణె గానీ ముంబై గానీ. దరఖాస్తు తెరిచిన వారంలోనే పెట్టండి, సీట్లు ఆగవు. రైలు టికెట్టు అప్పుడే చేసుకోండి.

నాగావళి_చదువరి (రాయగడ)

అందరికీ దండం. ఇలా అనుకుంటున్నాను: పొద్దున్న కార్డులు 20 నిమిషాలు, అలారంతో. సాయంత్రం ఇరొదొరి ముక్క 15 నిమిషాలు, ప్రాణహిత అన్న చెప్పిన వరసలో. రాత్రి చదువు 40, అందులో మొదటి పది నిమిషాలు ఐదు వాక్యాల తెలుగు దింపుడు, తర్వాత నిఘంటువు లేకుండా తదొకు. మిగిలిన పదిహేను వ్యాకరణం. ఎక్కడైనా తప్పుందా?

ప్రాణహిత_గట్టు (సిరొంచ)

వ్యాకరణం చదివిన దినమే గా రూపం ఉన్న ఆడియో ఇనుండ్రి. ఇరొదొరిల పాఠం వరసనే పోతే రెండు ఒక్క కాడనే కలుస్తయి, వేరే వెతుకుడు అక్కర్లేదు. పరీక్షకు ఆరు వారాలు ముందట సంది చదువులకెల్లి పది నిమిషాలు తీసి చెవికియ్యండ్రి.

నాగావళి_చదువరి (రాయగడ)

మంచిది అన్నా. ఆఖరి ప్రశ్న, దసరాకి నాలుగు రోజులు ఊళ్ళో ఉండను. కార్డులు పేరుకుంటాయి కదా?

కార్డుల_కట్ట (బరంపురం)

పేరుకుంటాయి, మూడు వందలు దాకా. వెళ్ళేముందు మూడు రోజులు కొత్తవి ఆపెయ్యండి, కొంత తగ్గుతాయి. వచ్చాక ఒకేరోజు ఊడ్చెయ్యాలని కూర్చోవద్దు. డెక్ ఆప్షన్లలో రోజువారీ రివ్యూల హద్దు 120 పెట్టండి. వరస దగ్గర "రిట్రీవబిలిటీ, డిసెండింగ్" ఎంచుకోండి, ఇంకా గుర్తున్నవి ముందొచ్చి నిలబడతాయి, ఎలాగూ మర్చిపోయినవి చివరికి వెళ్తాయి. హద్దు నిండినన్ని రోజులు ఆంకి కొత్త కార్డులు తానే ఇవ్వదు, మీరు ఆ సెట్టింగు కెలక్కపోతే. ఓ వారంలో దారిలో పడుతుంది. ఆ వారమంతా తదొకు మాత్రం ఆపొద్దు. ఊరెళ్ళేటప్పుడు రెండు పుస్తకాల పీడీఎఫ్ ఫోన్లో వేసుకోండి, రైల్లో అయిపోతాయి.